‘శీలం’ అనవచ్చా, ‘గతం’ అనాలా?

సందేహం: లైంగిక నేరాల విచారణ గురించి వార్త రాస్తూ ‘బాధితురాలి శీలాన్ని గురించి ప్రశ్నించరాదు’ అన్నాను. డెస్కులో ‘శీలం’ కొట్టేసి ‘గతం’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ కుదరవు. మొదటిది చట్టం వదిలించుకున్న భావాన్ని మళ్లీ లోపలికి తెస్తుంది. రెండోది చట్టం చెప్పనిదాన్ని కూడా చెబుతుంది.

సంస్కృతంలో శీలమంటే స్వభావం, నడత. దానశీలుడు, ప్రగతిశీలం వంటి మాటల్లో ఆ అర్థం ఇంకా ఉంది. స్త్రీ విషయంలో విడిగా ‘శీలం’ అన్నామంటే మాత్రం వాడుకలో స్ఫురించేది పాతివ్రత్యమే. ‘శీలాన్ని ప్రశ్నించరాదు’ అని చదివినవారు, కేసులో అదీ ఒక అంశమేననీ మర్యాదకు అడగడం లేదనీ అనుకుంటారు. ఒకప్పుడు నిజంగానే అలా ఉండేది. 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్ నాలుగో క్లాజు, ఫిర్యాదు చేసిన స్త్రీ నీతి తప్పినదని చూపి ఆమె మాటను నమ్మదగనిదిగా చేసే వీలు కల్పించింది. 2002 సవరణ చట్టం ఆ క్లాజును తీసేసింది. 2013లో, సమ్మతిని తేల్చడానికి బాధితురాలి నడవడి పనికిరాదనే 53ఏ సెక్షన్ చేరింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 48వ సెక్షన్. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం న్యాయవాది సాక్షిని ప్రశ్నించేటప్పుడు, అలాంటి ప్రశ్నలపై నిషేధం 149వ సెక్షన్‌లో ఉంది.

ఇక ‘గతం’. ఘటనకు ముందురోజు ఆమె ఎక్కడుందన్నదీ గతమే, నిందితుడితో పరిచయం ఎలా అయిందన్నదీ గతమే. వాటిని 48వ సెక్షన్ అడ్డుకోదు. సమ్మతి వివాదమైనప్పుడు, దాన్ని తేల్చడానికి బాధితురాలి నడవడి గానీ పూర్వ లైంగిక అనుభవం గానీ పనికిరాదన్నదే నియమం. కాబట్టి ‘సమ్మతి విషయంలో’ అన్న మాటను చోటు చాలలేదని ఎగరగొట్టకండి. నియమం హద్దు అక్కడే ఉంది.

తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. పూర్వ లైంగిక అనుభవం ‘ఏ వ్యక్తితోనైనా’ అని చట్టం అంటే, ‘ఇతరులతో’ అనో ‘పరపురుషులతో’ అనో రాస్తుంటారు. ఆ ఒక్క మార్పుతో నిందితుడు నియమం నుంచి బయటపడతాడు. అతనితో ఆమెకు ఇదివరకు సంబంధం ఉన్నా, ఆ రోజు ఒప్పుకుందనడానికి అది రుజువు కాదు. ఈ తప్పును మాత్రం ఉపేక్షించకూడదు.

చట్టంలోని ‘క్వాలిటీ ఆఫ్ కన్సెంట్’ను ‘సమ్మతి నాణ్యత’ అని అనువదించడం కూడా బాగుండదు. నాణ్యత సరుకుకు చెప్పే మాట. ‘ఆ సమ్మతి ఎటువంటిది’ అంటే చాలు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘సమ్మతి విషయంలో బాధితురాలి నడవడిని గానీ, ఏ వ్యక్తితోనైనా ఆమెకున్న పూర్వ లైంగిక అనుభవాన్ని గానీ సాక్ష్యంగా తీసుకోరాదు.’ ఇది 48కి. 149 గురించి రాస్తుంటే ‘క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగరాదు’ అనండి. సాక్ష్యం వేరు, ప్రశ్న వేరు.

వైద్య నివేదికల్లోని ‘లైంగిక చర్యకు అలవాటుపడిన స్త్రీ’ అన్న మాటనూ వార్తలోకి ఎక్కించవద్దు. అటువంటి నిర్ధారణకు వాడిన రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదనీ, అది చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేననీ సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న తేల్చిచెప్పింది.