మిర్యాలగూడ వైపు ఇల్లు. పెరట్లో చెక్క డెక్ నల్లబడి ఊగుతోంది. పాలిష్ వేయిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నలో ఉన్న సంగతి ఇది: కాలువ కింద వరి పొలాలకు ఆనుకుని ఇల్లు, పెరట్లో పదేళ్ల కిందట వేయించిన మోకాలెత్తు చెక్క డెక్, అంటే పలకలు పరిచిన అరుగు. టేకు పలకలు, కింద చెక్క దూలాలే. పలకలు నల్లబడి పాచి పట్టాయి, ఒక మూల అడుగేస్తే ఊగుతోంది. గీకి పాలిష్ కొడితే కొత్తదవుతుందని పెయింటర్ అంటున్నాడు, పీకేసి టైల్స్ వేయించమని బంధువులు అంటున్నారు.

మాది హాలియా దగ్గర. మా ఇంటి వెనక ఇలాంటిదే ఉంది. ఊళ్లో ఒక పెద్ద వడ్ల ఆయనను, అంటే వడ్రంగిని, వెంటబెట్టుకుని దాన్ని బాగుచేసుకున్నాను, ఏటా చూసుకుంటూనే ఉన్నాను. నా మాట వింటే ఇప్పుడే పాలిష్ వద్దు, టైల్స్ కూడా వద్దు. ముందు ఆ ఊగే మూలలో రెండు పలకలు విప్పించి కింద ఏముందో కళ్లారా చూడండి.

కట్టె తడిసినందుకు పాడవదు, తడిసి ఆరకపోతే పాడవుతుంది. కట్టెను తినే బూజుకు తేమ కావాలి. కట్టెలో తేమ దాదాపు 20 శాతం లోపే ఉన్నంతకాలం ఆ బూజు పెరగలేదు. అది దాటి చాలాకాలం అలాగే ఉంటే లోపల్నుంచి తినేస్తుంది. పాత ఇళ్లలో చెక్క స్తంభాలను ఎప్పుడైనా గమనించారా? ఒక్కటి కూడా నేలలోంచి లేవదు. కింద రాతి దిమ్మె, దాని మీద స్తంభం. నేల తడి రాయి దగ్గరే ఆగిపోతుంది, స్తంభం కాలు పొడిగా ఉంటుంది. ఇప్పుడు కట్టే డెక్కుల్లో గుంజను తీసుకెళ్లి కాంక్రీటులో పాతేస్తున్నారు. కాంక్రీటు, కట్టె కలిసేచోట సన్నని సందులోకి నీళ్లు దిగి అక్కడే ఉండిపోతాయి. మీ గుంజలు కూడా అలాగే పాతి ఉంటే నేలమట్టం దగ్గర ముందు చూడండి.

నల్లగొండ అంటే ఎండల జిల్లా, ఇక్కడ తేమ ఎక్కడిది అంటారు చాలామంది. మేలో 44, 45 డిగ్రీలు కొట్టే మాట నిజమే. కానీ సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వరి, మళ్లీ యాసంగి వరి. ఇంటి చుట్టూ మడుల్లో నెలల తరబడి నీళ్లు నిలిచే ఉంటాయి. తెల్లవారుజామున పెరట్లో పలక మీద చెయ్యి పెడితే చెమ్మ తగులుతుంది. పైగా మన దగ్గర ఎండాకాలం కట్టె బిగుసుకుని పగులుతుంది, వానలు రాగానే ఆ పగుళ్లలోకే నీళ్లు దిగుతాయి. అటు ఎండ, ఇటు తేమ రెండూ ఉన్న చోటు కాబట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండే కోస్తా ఊళ్లకు చెప్పే సలహా ఉన్నదున్నట్టు మనకు సరిపోదు.

పలకలు విప్పాక ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకోండి. దూలాల పై అంచున, స్క్రూలు దిగిన చోట్ల, దూలం గుంజ మీద కూర్చున్న చోట, గోడవైపు చివర్లలో గట్టిగా పొడిచి చూడండి. మంచి కట్టె ఎదురు తిరుగుతుంది. పీకినప్పుడు పొడవాటి పోగులుగా లేస్తుంది. పుచ్చినది మెత్తగా దిగిపోతుంది, పీకితే పొట్టిగా పుటుక్కున విరుగుతుంది. మా దాంట్లో తులసి కుండీ పెట్టిన చోటు కింద దూలం పైకి బాగానే కనిపించింది. రంగు కూడా మారలేదు. స్క్రూడ్రైవర్ పెట్టగానే రెండంగుళాలు లోపలికి వెళ్లింది. ముక్క తీసి చూస్తే గోధుమ రంగులో చిన్న చిన్న పలుకులుగా అడ్డంగా, నిలువుగా పగిలి ఉంది. వేళ్ల మధ్య నలిపితే పొడైంది. రోజూ కుండీలో పోసిన నీళ్లు పలకల సందులోంచి ఆ ఒక్క చోటే కారుతూ వచ్చాయి. పక్కనే జానెడు దూరంలో కట్టె ఇనుములా ఉంది.

అందుకే పైన నలుపు చూసి కంగారు పడకండి. బూడిద రంగు ఎండ వల్ల వస్తుంది, అది పైపొర మాత్రమే. నల్ల మచ్చల్లో చాలావరకు పాచి, దుమ్ము. స్క్రూల చుట్టూ సిరా ఒలికినట్టు ఉండే నలుపు ఇనుముకూ టేకుకూ మధ్య జరిగే రసాయన చర్య. ఇవన్నీ పోతాయి. మెత్తబడిన కట్టె మాత్రం మళ్లీ గట్టిపడదు, దాని మీద లప్పం పెట్టినా, పాలిష్ పోసినా లాభం లేదు.

చెదలు కూడా చూసుకోవాలి. గుంజల మీద, గోడ వెంట సన్నని మట్టి గొట్టాలు పాకి ఉంటే ఒకదాన్ని గీరేసి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ కట్టుకుంటే లోపల బతికే ఉన్నాయని అర్థం. అప్పుడు కట్టె పని మొదలుపెట్టకముందే చెదల మందు కొట్టేవాళ్లను పిలిచి నేలకు మందు పెట్టించండి. బోరు దగ్గర్లో ఉంటే ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పాలి.

ఇక దూలం బాగుచేసే పని. పుచ్చిన భాగాన్ని కోసి తీసేయాలి. కంటికి కనిపించే పుచ్చు దాటి కనీసం ఇంకో అడుగు దాకా కోయించండి, బూజు పోగులు మంచి కట్టెలోకి కూడా కొంత పాకి ఉంటాయి. ఆ ఖాళీ పక్కన కొత్త దూలాన్ని ఆనించి, రెండువైపులా గట్టి కట్టె మీద రెండు మూడడుగులు పట్టేలా బోల్టులతో బిగించాలి. మేకులు వద్దు, ఊగే చోట మేకు నెమ్మదిగా వదులైపోతుంది. కొత్తగా కోసిన ప్రతి చివరకూ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు రెండు మూడుసార్లు తాగించండి. చెదలకూ బూజుకూ పనిచేస్తుంది. కాకపోతే వానకు కొట్టుకుపోయే మందు అది, ఆరాక పైన నూనె పూత తప్పనిసరి.

అన్ని దూలాల పై అంచున తారు టేపు అంటించండి. వాటర్‌ప్రూఫింగ్ సామాను అమ్మేచోట దొరుకుతుంది. స్క్రూ వెంట దిగే నీళ్లు దూలంలోకి పోకుండా అదే ఆపుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ, దీన్ని మాత్రం వదలకండి. గుంజ కింద పుచ్చి ఉంటే ఆ మేరకు కోసేసి, కింద రాతి దిమ్మె గానీ కాంక్రీటు దిమ్మె గానీ నేల మీద నాలుగైదు అంగుళాలు లేచేలా కట్టించి, దాని మీద గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న ఇనుప) పట్టీతో గుంజను కూర్చోబెట్టండి.

కట్టె కొనేటప్పుడు టేకు అన్న పేరు విని మోసపోవద్దు. చెదలను, బూజును తట్టుకునేది టేకులో చేవ మాత్రమే. చుట్టూ ఉండే తెల్లటి భాగం మామూలు కట్టెతో సమానం. పొలం గట్ల మీద పెంచి చిన్న వయసులోనే కొట్టిన టేకులో ఆ తెలుపే ఎక్కువ. పలకను తిప్పి రెండు అంచులూ చూసి తీసుకోండి. నన్నడిగితే పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలాలే మేలు. నల్లగొండలో, మిర్యాలగూడలో పాత కట్టె అమ్మేవాళ్లు ఉన్నారు. దశాబ్దాలుగా ఆరిన కట్టె కాబట్టి ఇక వంకర పోయే భయం తక్కువ. రందా పట్టేముందు లోపల విరిగి ఉండిపోయిన చీలలు వెతికి తీయించండి, లేకపోతే కోత మిషన్ వాళ్లు ముట్టుకోరు.

పలకలు తిరిగి బిగించేటప్పుడు వడ్ల ఆయనలకు సందు లేకుండా అతికినట్టు చేయడమే అలవాటు. తలుపుకు అది గొప్ప పని, డెక్కుకు చేటు. పలకకూ పలకకూ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు ఉండాలి. బాగా ఎండాకాలంలో బిగిస్తే కొంచెం ఎక్కువే వదలండి, వానలకు పలక ఉబ్బుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి, తల పలకతో సమానంగా ఉండేదాకే తిప్పాలి. లోతుగా దించితే ప్రతి తల మీదా ఒక చిన్న నీటి గుంట తయారవుతుంది.

శుభ్రం చేయడానికి కార్లు కడిగే ప్రెషర్ మిషన్ తేవద్దు. మెత్తటి కట్టెను అది చెక్కేస్తుంది, పోగులు లేచి పాదాలకు గుచ్చుకుంటాయి. సబ్బు పొడి నీళ్లు, గట్టి బ్రష్షు, పోగుల వెంట రుద్దడం చాలు. ఇనుప మచ్చలకు ఆక్సాలిక్ యాసిడ్ పనిచేస్తుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 60, 70 గ్రాములు ప్లాస్టిక్ బకెట్లో కలిపి పూసి, కాసేపాగి బాగా కడగాలి. అది విషం, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. బ్లీచింగ్ పౌడరుతో ఏ యాసిడ్‌నూ కలపవద్దు, ప్రాణం మీదికి తెచ్చే గ్యాస్ వస్తుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక పలకల మీద తెల్లగా పేరుకుంటుంది. ఆఖరి కడుగు మిషన్ భగీరథ నీళ్లతోనో వాన నీళ్లతోనో చేయండి.

ఆరాక 60 నంబరు గరుకు పేపరుతో రుద్దడం మొదలుపెట్టి 80 దగ్గర ఆపేయండి. అద్దంలా నునుపు చేస్తే నూనె లోపలికి పోదు, వానలో కాలు కూడా జారుతుంది. మూతికి మంచి మాస్కు కట్టుకోండి, టేకు పొడి దగ్గు తెప్పిస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన పాలిష్ సంగతి. గదిలో తలుపుకు వేసే వార్నిష్, పాలియురేథేన్ లాంటివి కట్టె మీద పొరలా ఏర్పడతాయి. మన ఎండకు ఆ పొర పగులుతుంది, పగులులోంచి నీళ్లు దిగి పొర కింద చిక్కుకుంటాయి. అప్పుడు పొర తెల్లగా బుడగలు లేచి పెచ్చులూడుతుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. బయటి కట్టెకు లోపలికి ఇంకే నూనె మేలు. డెక్ ఆయిల్ పేరుతో, కాస్త రంగు కలిసినది కొనండి. ఆ రంగే ఎండను ఆపేది, రంగు అసలే లేనిది పూస్తే పలక త్వరగా బూడిద రంగుకు తిరుగుతుంది. కొబ్బరినూనె, పల్లినూనె రాయమని ఎవరైనా చెబితే వినకండి. అవి గట్టిపడవు, జిడ్డుగా ఉండి దుమ్మును, బూజును పిలుస్తాయి. బండ్ల నుంచి తీసిన కాలిన ఇంజినాయిల్ అసలే వద్దు, పిల్లలు వట్టి కాళ్లతో తిరిగే చోటు అది.

నూనె వేయడానికి సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది లోపు మంచి సమయం. వానలు ఉండవు, ఎండ మండదు. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ నేరుగా పడని వేళ పూయండి. కట్టె సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. నిమిషంలో ఇంకిపోతే సిద్ధం. తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే 15 శాతం లోపు రావాలి. పల్చగా పూసి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత ఇంకని నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. ఈ తుడవడం దగ్గరే పనివాళ్లు తొందరపడతారు. మిగిలిన నూనె జిగురై వారాల తరబడి అంటుకుంటూనే ఉంటుంది. పలకల చివర్లకు రెండింతలు తాగించండి, నీళ్లు ఎక్కువగా ఎక్కేది అక్కడే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. అవిసె నూనె కలిసిన పూతలు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకుంటాయి. ఆ గుడ్డలను నీళ్లలో తడిపి, బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరనివ్వండి. పనివాళ్లకు కూడా ముందే చెప్పండి.

తర్వాత ఏటా ఒకసారి కడిగి, నీటి చుక్క ఇంకుతున్న చోట్ల ఒక పల్చటి పూత వేస్తే చాలు, మళ్లీ గీకే పని ఉండదు. కుండీల కింద కాళ్లున్న స్టాండ్లు పెట్టండి. ఏసీ నీళ్ల గొట్టం, డాబా మీది వాన గొట్టం డెక్ మీద పడుతుంటే పక్కకు తిప్పించండి. అందం కోసం పరిచే పచ్చ ప్లాస్టిక్ గడ్డి మాత్రం ససేమిరా వద్దు, వానాకాలమంతా పలకను తడిగుడ్డలో చుట్టి పెట్టినట్టే. డెక్ కింద ఆకులు, చెత్త తీయించి, పక్కలు మూసి ఉంటే రెండుచోట్లైనా తెరిపించండి, గాలి అటునుంచి ఇటు ఆడాలి.

విప్పి చూశాక దూలాల్లో సగానికి పైగా పుచ్చి ఉంటే ఒక్కొక్కటీ అతుకుతూ కూర్చోవద్దు. కింది చట్రం మొత్తం తీసేసి గాల్వనైజ్డ్ బాక్స్ పైపులతో వేయించి, గట్టిగా ఉన్న మీ టేకు పలకలనే తిప్పి రందా పట్టించి పైన వాడుకోండి. టైల్స్ కంటే అదే నయం, పదేళ్లు తట్టుకున్న టేకును పారేయడానికి మనసెలా ఒప్పుతుంది? పైపుల చివర్లు మూయించండి, వెల్డింగ్ చేసిన చోట జింకు ప్రైమరు పూయించండి. ఇనుము రాత్రిపూట త్వరగా చల్లబడి మంచు పట్టుకుంటుంది కాబట్టి పైపుకూ పలకకూ మధ్య సన్నని రబ్బరు పట్టీ పెట్టించండి.