అరవై దాటాక ప్రేమ నవలలు రాయడం వృత్తి అవుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. తపాలా శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా, ఎక్కువ కాలం సేవింగ్స్ బ్యాంక్ కౌంటర్‌లో పనిచేసి, నిరుడు అరవయ్యో ఏట పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువు గురించి అప్పట్లో మీ సలహా తీసుకున్నాం. ఇప్పుడు నా కోసమే అడుగుతున్నాను. ఫోన్‌లో ఒక కథల యాప్‌లో మారుపేరుతో ప్రేమకథలు రాయడం మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి కథ ఒకటి ధారావాహికగా రాశాను, పరవాలేదన్నారు. తరువాత, రిటైరైన లెక్చరర్‌కూ భర్త పోయిన ఒకావిడకూ మధ్య కలిగిన ఇష్టం గురించి చిన్న కథ రాస్తే, తరువాయి భాగం ఎప్పుడని ఇప్పటికీ అడుగుతున్నారు. రాస్తున్నంతసేపూ కలిగే సంతోషం ఉద్యోగంలో నేనెన్నడూ ఎరగను. మా అబ్బాయి మాత్రం "ఈ వయసులో ప్రేమకథలేంటమ్మా" అంటున్నాడు. దీన్ని వృత్తి అనుకోవచ్చా? డబ్బు వస్తుందా? అసలు పేరు పెట్టుకోవాలా? ఇంగ్లీషులో రాస్తే మేలా?

జవాబు: అమ్మా, నమస్కారం. దీన్ని మీరు నిస్సంకోచంగా వృత్తి అనుకోవచ్చు. ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు నా దగ్గరకు వచ్చినప్పుడు నేను మొదట చూసేది, ఎవరూ బలవంతపెట్టకపోయినా వాళ్లు ఏ పని దగ్గర గంటల తరబడి కూర్చుంటున్నారనే. మీ విషయంలో ఆ సంగతి ఇప్పటికే తేలిపోయింది, పైగా తరువాయి భాగం కోసం ఎదురుచూసే పాఠకులు కూడా ఏర్పడ్డారు. ఎంతోమంది యువ రచయితలకు ఇంకా దొరకనిది మీకు దొరికింది.

వయసు గురించిన సందేహాన్ని ముందు తీర్చుకుందాం. ఇంగ్లండ్‌కు చెందిన మేరీ వెస్లీ పెద్దల కోసం రాసిన తొలి నవల 1983లో, ఆమెకు డెబ్భై ఏళ్లు వచ్చాక వెలువడింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆమె వరుసగా నవలలు రాసి లక్షలాది పాఠకులను సంపాదించుకున్నారు. బ్రిటిష్ రచయిత్రి రోజమండ్ పిల్చర్‌కు ప్రపంచమంతటా పేరు తెచ్చిన నవల 1987లో, ఆమె అరవై దాటాక వచ్చింది. అయితే ఒక్క మాట చెప్పాలి: పిల్చర్ 1940లలోనే ప్రేమ నవలలు ప్రచురించడం మొదలుపెట్టి, దశాబ్దాల పాటు రాస్తూ వచ్చిన మనిషి. ఆలస్యంగా వచ్చిన ఆ పేరు వెనుక ఎవరి కంటా పడని అభ్యాసం చాలా ఉంది. మీకు వయసు అడ్డం కాదు గానీ, అభ్యాసం మాత్రం తప్పదు.

ఆ అభ్యాసం దేని మీద జరగాలన్నది ముఖ్యం. ప్రేమ నవల అనే ప్రక్రియకు, ప్రపంచంలో ఎక్కడైనా, రెండు షరతులున్నాయి. కథకు కేంద్రం ఇద్దరి మధ్య ప్రేమే కావాలి; ముగింపు పాఠకురాలికి తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. మన సాహిత్యంలోనూ సినిమాలోనూ విషాదాంత ప్రేమకు ఎంతో గౌరవం ఉంది, అది గొప్ప కథ కావచ్చు కూడా, కానీ ఈ ప్రక్రియ కిందకు రాదు. ముగింపు సుఖాంతమని పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు కనుక, ఆమెను చివరిదాకా చదివించేది ఆ ఇద్దరూ ఎలా కలుస్తారన్న ప్రశ్న. అంటే వాళ్లకు అడ్డుపడుతున్న విషయం నిజమైనదిగా, ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేనిదిగా ఉండాలి. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద ముప్ఫై భాగాల ధారావాహిక నిలబడదు.

ఇక్కడే మీ ఉద్యోగ జీవితం అక్కరకు వస్తుంది. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ అమ్మాయి జీవితాన్ని మీరు బయటి నుంచి ఊహించి రాశారు, అలా రాయగలవారు చాలామంది ఉన్నారు. అరవై ఏళ్ల మనుషుల మధ్య ప్రేమకు ఏవి అడ్డుపడతాయో మీకు కౌంటర్ లోపలి నుంచి తెలుసు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మరణిస్తే భార్యకు వచ్చే కుటుంబ పింఛను, సంతానం లేని వితంతువులకు కొన్ని షరతులతో ఉన్న మినహాయింపు తప్ప, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో జాయింట్ ఖాతా భార్యాభర్తలకు మాత్రమే ఇస్తారు. అంటే పెళ్లి చేసుకుంటే ఆమె సొంత ఆదాయం పోతుంది, చేసుకోకుండా కలిసి ఉంటే ఆ బంధానికి ఏ కాగితం మీదా చోటు ఉండదు. ఇద్దరు మంచి మనుషుల మధ్య ఇంతకంటే న్యాయమైన అడ్డంకి ఏం కావాలి? దానికి తోడు నామినీగా ఎవరి పేరు రాయాలన్న మథనం, ఆస్తి గురించి పిల్లలకు కలిగే భయం, గోడ మీద దండ వేసి ఉన్న ఫొటో, మోకాళ్ల నొప్పులు, మనవడి బడి వేళలు ఉంటాయి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చే పింఛనుదారులను మీరు ముప్ఫై ఏళ్లు చూశారు. ఒక నవంబరులో వరుసలో పక్కపక్కన నిలబడి మాట కలిపిన ఇద్దరు, మరుసటి నవంబరులో ఒకరి కోసం ఒకరు గుమ్మం వైపు చూడడం ఒక నవలకు సరిపడే ప్రారంభం. మీ చిన్న కథకు పాఠకులు అంతగా స్పందించింది, అందులో మీకు బాగా తెలిసిన జీవితం కనిపించినందువల్లేనని నా నమ్మకం. ఆ కథనే నవలగా పెంచండి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: కౌంటర్ దగ్గర మిమ్మల్ని నమ్మి తమ విషయాలు చెప్పుకున్నవారిని ఊరివాళ్లు గుర్తుపట్టే విధంగా రాయకండి. పరిస్థితిని తీసుకుని మనిషిని పూర్తిగా మార్చండి.

ఇటువంటి కథలకు తెలుగులో పాఠకులు ఉంటారా అన్న అనుమానం పెట్టుకోకండి. 1960ల నుంచి 1980ల దాకా వారపత్రికల ధారావాహికలనూ, అద్దె పుస్తకాల షాపులనూ నిలబెట్టినవారిలో ఇళ్లలో ఉండే ఆడవాళ్లే ఎక్కువ. యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల నవలలు ఒకదాని తరువాత ఒకటి సినిమాలైనది ఆ పాఠకుల అండతోనే. యువ మాసపత్రికను నడిపి, బెంగాలీ రచయిత శరత్ నవలలను తెలుగులోకి తెచ్చిన చక్రపాణి మీ తెనాలివారే కనుక, ఆ వాతావరణం గురించి మీకు నేను చెప్పనవసరం లేదు. ఆనాడు పదహారేళ్లకు ధారావాహిక చదివిన అమ్మాయిలు ఇప్పుడు మీ వయసువాళ్లు, చాలామంది చేతిలో ఫోన్ ఉంది, చదివే అలవాటు పోలేదు. వాళ్ల వయసు నాయికను వాళ్లకు చూపించే నవలలు మాత్రం తక్కువ.

డబ్బు విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. తెలుగులో కేవలం నవలలు రాసి కుటుంబాన్ని పోషించుకోగలిగినవారు ఏ కాలంలోనూ కొద్దిమందే. నలభై ఏళ్ల మనిషి ఉద్యోగం మానేసి ఈ పనిలోకి దిగుతానంటే నేను వద్దని చెబుతాను. మీకు పింఛను వస్తోంది, ఈ రాబడి మీద ఇల్లు గడవనవసరం లేదు, కాబట్టి మార్కెట్ ఏమి కోరుతోందో చూసి భయపడి రాయవలసిన అగత్యం మీకు లేదు. రాబడి రావడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి కథల వేదికలలో పాఠకులు కట్టే చందాల నుంచి రచయితకు వాటా వస్తుంది. అక్కడ ప్రతిభతో పాటు క్రమం తప్పకపోవడం కూడా లెక్కకు వస్తుంది కనుక, వారంలో ఏ రోజున భాగం ఇస్తామని చెప్పారో ఆ రోజున ఇచ్చి తీరాలి. అందుకే నవలలో సగమైనా చేతిలో సిద్ధంగా ఉంచుకున్నాకే మొదటి భాగం విడుదల చేయండి. రెండవ దారి ఆడియో ధారావాహికలు. వాటికి సంభాషణ ఎక్కువ, వర్ణన తక్కువ ఉన్న రచన కావాలి. మూడవది అచ్చు పుస్తకం. ప్రచురణ కోసం రచయిత నుంచే డబ్బు అడిగే సంస్థలకు దూరంగా ఉండండి. మీరే సొంతంగా అచ్చు వేయించుకోదలిస్తే, మన దేశంలో పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవం మీ ఊరికి దగ్గర. అక్కడ స్టాళ్ల దగ్గర నిలబడి, ఏ ప్రచురణకర్త ఎటువంటి నవలలు వేస్తున్నారో ఒక రోజంతా చూసి రండి.

పెద్దగా కనిపించని విషయమొకటి ఉంది. ఫోన్‌లో టైపు చేసిన భాగాలను యాప్‌లోనే వదిలేయకండి. ప్రతి భాగానికీ తేదీ వేసి, యూనికోడ్‌లో ఒక ప్రతిని మీ కంప్యూటర్‌లోనూ, ఇంకొకటి వేరే చోటా దాచుకోండి. అచ్చుకు ఇచ్చేటప్పుడు డీటీపీ వాళ్లు దాన్ని తమ ఫాంట్లలోకి మార్చడంలో వత్తులు, పొల్లులు చెడిపోవడం మామూలు కనుక, ప్రూఫులు మీరే చూడాలి.

ఇక ఒప్పందాల సంగతి. మీ ప్రశ్నలో దీని ప్రస్తావన లేకపోయినా, నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంత కాలానికో రాయకపోతే అది ఐదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికని చట్టం భావిస్తుంది. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోగా వాటిని వాడకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కులు తిరిగి మీకే వస్తాయి. ఆ "వేరే విధంగా" అన్న వాక్యమే చాలా ఒప్పందాలలో చిన్న అక్షరాలలో ఉంటుంది. అచ్చు, ఆడియో, వెబ్ సిరీస్, అనువాదం, సినిమా హక్కులన్నీ ఒకే మొత్తానికి, శాశ్వతంగా అడిగే కాగితం మీద సంతకం చేయకండి; ఏ హక్కుకు ఆ హక్కు విడిగా, కాలపరిమితితో ఇవ్వండి. డిపాజిట్ ఫారాల మీద సంతకాలు సరిచూసిన అనుభవం మీది, ప్రతి పేజీ చదివే ఓపిక మీకుంది. రాయల్టీ, అంటే అమ్మకాలలో రచయితకు వచ్చే వాటా, రావడం మొదలైతే ఒకసారి ఆడిటర్‌ను కలవండి. పాత పన్ను విధానంలో పుస్తకాల రాయల్టీకి 3 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఇచ్చే ఏర్పాటు ఉంటూ వచ్చింది. మీ రాబడి దాని కిందకు వస్తుందో రాదో ఆయన చూసి చెబుతారు.

మారుపేరు నిక్షేపంగా ఉంచుకోవచ్చు. ఒప్పందాలు, బ్యాంకు ఖాతా, పాన్ వివరాలు అసలు పేరుతోనే ఉండాలి, ఫలానా మారుపేరు మీదేనని ప్రతి ఒప్పందంలోనూ రాయించుకోవాలి. దీనివల్ల మరో ప్రయోజనం కూడా ఉంది. మారుపేరుతో వెలువడిన రచనకు కాపీరైట్ ప్రచురణ జరిగిన ఏడాది తరువాత 60 ఏళ్లే ఉంటుంది. ఆ గడువులోగా రచయిత ఎవరో వెల్లడైతే, రచయిత మరణించిన ఏడాది తరువాత 60 ఏళ్లు ఉంటుంది. అంటే మీ నవలల మీద హక్కు మీ అబ్బాయికీ, అతని పిల్లలకూ సంక్రమించే ఆస్తి. అతనికి ఈ విషయం తెలియదేమో, చెప్పండి.

మీ అబ్బాయి అన్న మాటకు మీరు నొచ్చుకున్నారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. అతనిది కోపం కాకపోవచ్చు. అమ్మకు ప్రేమ గురించి ఒక అభిప్రాయం ఉంటుందని పిల్లలు ఎన్నడూ ఆలోచించి ఉండరు, అది తెలియవచ్చినప్పుడు ఏదో ఒకటి అనేస్తారు. అతనితో వాదించవద్దు, అతని అనుమతి కోసం ఆగవద్దు. అతను అడిగిన రోజున ఆ లెక్చరర్ కథ చదవమని ఇవ్వండి. ఈలోగా రోజుకు రెండు గంటలు తలుపు వేసుకుని రాసుకునే సమయాన్ని ఇంట్లో అందరికీ తెలిసేలా కేటాయించుకోండి. కౌంటర్‌కు వేళలు ఉండేవి, రచనకూ ఉండాలి.

చివరి ప్రశ్న ఇంగ్లీషు గురించి. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ వంటి ప్రేమ నవలల ప్రచురణ సంస్థలు ఏజెంటు లేని కొత్త రచయితల రచనలను కూడా చూస్తాయన్నది నిజమే, వాటిలో కొన్ని నవలల వరుసలకు 50,000 పదాల చొప్పున నిడివి కూడా నిర్ణయించి ఉంటుంది. కానీ మీ పాత్రలు మాట్లాడుకునేది తెనాలి తెలుగు. ఆవిడ ఆయనను "ఏమండీ" అనకుండా "మాస్టారూ" అని ఎన్నాళ్లు పిలుస్తుందో, ఏ రోజున ఆ పిలుపు మానేస్తుందో మీ కథంతా దాని మీదే నడుస్తుంది, దాన్ని ఇంగ్లీషులో రాయబోతే మీ చేతిలో ఉన్న మంచి సాధనాన్ని మీరే పక్కన పెట్టినట్టు అవుతుంది. తెలుగులోనే రాయండి, అనువాద హక్కులను మీ దగ్గరే అట్టిపెట్టుకోండి, మూడు నాలుగు నవలలు పూర్తయ్యాక మంచి అనువాదకులు దొరికితే అప్పుడు ఆలోచిద్దాం. లెక్చరర్ కథకు అధ్యాయాల ప్రణాళిక వేసుకున్నాక నాకు పంపండి. వాళ్లిద్దరికీ అడ్డుపడుతున్నది ఏమిటో ఒకే వాక్యంలో పైన రాసి పంపండి.