మంగళగిరి ప్లాటు అమ్మాలా, ఇల్లు పెట్టి అప్పు తేవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో పనిచేస్తున్న అమ్మాయికి అమెరికాలో 16 నెలల ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ (ఎంఈఎం) సీటు వచ్చింది. మొత్తం ఖర్చు 48 లక్షలు, మా దగ్గర 12 లక్షలు ఉన్నాయి. మంగళగిరి దగ్గర 2014లో 6 లక్షలకు కొన్న ప్లాటుకు ఇప్పుడు 26 లక్షలు ఇస్తామంటున్నారు. అమ్మేయమంటారా? లేక ఇల్లు తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకోమంటారా?

జవాబు: ప్లాటు ఇప్పుడే అమ్మకండి. 20 లక్షల లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు కలిపి 2.6 లక్షలు పోతాయి. పిల్ల ఫీజు కట్టామంటే అందులో మినహాయింపేమీ రాదు. పైగా మన వైపు కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ విలువ వరకే చెక్కు ఇచ్చి, మిగతాది నగదుగా తీసుకోమంటారు. అది చట్టవిరుద్ధం, ఆ డబ్బును వీసాకు చూపలేరు, యూనివర్సిటీకి పంపలేరు. ఫీజు గడువు తరుముతోందని తెలిస్తే ధర ఇంకా తగ్గిస్తారు.

అప్పు లెక్క చూద్దాం. వడ్డీ 10 శాతం అనుకోండి. 12 లక్షల చొప్పున మూడు విడతలు: చేరేటప్పుడు, ఐదో నెల తర్వాత, పన్నెండో నెల తర్వాత. కోర్సు 16 నెలలు, ఆపైన ఏడాది వరకు ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ 28 నెలల్లో అది 6.7 లక్షలవుతుంది. దాన్ని అసలులో కలిపితే పదేళ్ల ఈఎంఐ సుమారు 56,400. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే 47,600. అలా కట్టడానికి మొదట నెలకు 10 వేలు, తర్వాత 20 వేలు, చివరి 16 నెలలు 30 వేలు కావాలి. మీ ఇద్దరి జీతాల్లో ఎంత వీలైతే అంత కట్టండి. చదువుతున్నన్నాళ్లూ వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు రేటు కొంచెం తగ్గిస్తాయి, అడగండి. మీరు సహరుణగ్రహీతగా ఉండి, మీ ఖాతా నుంచే కడితే పాత పన్ను విధానంలో ఆ వడ్డీకి మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు.

ఈ ఈఎంఐని డాలర్ జీతంతో పోల్చి ధైర్యం తెచ్చుకోవద్దు. హైదరాబాద్ జీతంతో పోల్చండి. తిరిగొచ్చాక చేతికి లక్ష వస్తే అందులో 56 వేలు మోయలేని భారం. ప్లాటు అక్కరకొచ్చేది అప్పుడే. నిదానంగా అమ్మి, పన్ను పోగా మిగిలే 23 లక్షలు అప్పులో జమ చేస్తే ఈఎంఐ 26 వేలకు దిగుతుంది. అయితే గడువు కాకుండా ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. లేకపోతే బ్యాంకు గడువే తగ్గిస్తుంది. ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) అప్పయితే ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు.

ఇక కోర్సు సంగతి. ఎంఈఎంలో సగం టెక్నికల్ సబ్జెక్టులు, సగం అకౌంటింగ్, ఫైనాన్స్, ఆపరేషన్స్. డ్యూక్, డార్ట్‌మత్, నార్త్‌వెస్టర్న్ లాంటి చోట్ల పేరున్న కోర్సులే. అయితే ఎంఎస్ వాళ్లకు దొరికినట్టు టీఏ, ఆర్‌ఏలు (బోధనలో, పరిశోధనలో సాయం చేసే జీతపు పనులు) ఇందులో అరుదు, వాటిని ఆదాయంగా రాసుకోకండి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం)లోని కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో చూడండి. ఉంటే ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలకు మరో 24 కలుస్తాయి, లేకపోతే ఏడాదే. ఆపైన హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీయే. స్థిరపడేది ఇండియాలోనే అనుకుంటే మాత్రం, నా ఓటు క్యాట్ రాసి ఐఐఎం ముంబైకి. 2023 వరకు నీటీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్) పేరుతో ఇంజినీర్లకు ఇదే తరహా చదువు చెప్పిన సంస్థ అది.

మీ 12 లక్షలు ఒకే పాన్ మీద పంపకండి. ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, ఇద్దరూ సగం సగం పంపితే ఆ బాధే లేదు. బ్యాంకు రుణం నుంచి వెళ్లే ఫీజుకు టీసీఎస్ లేదు.

ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇంటి కాగితాల దగ్గరే. ప్లాన్ లేకుండా వేసిన పై అంతస్తును బ్యాంకు విలువ కట్టదు. ఇల్లు ఇంకా చనిపోయిన మామగారి పేరునే ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. దస్తావేజులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉన్నా బ్యాంకు లాయర్ ఆపేస్తారు. అందుకే లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మున్సిపల్ ప్లాన్ ఈ వారమే తీసి పెట్టుకోండి. అమ్మాయి విమానం ఎక్కేలోపు ఆమె పేరున 50 లక్షల టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. లేదంటే ఆమెకేదైనా జరిగితే అప్పు మీ ఇంటి మీదే పడుతుంది.