పడవ తెరచాప కోసం డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 62. మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను, పెన్షన్ లేదు. రెండేళ్ళ కిందట 31 అడుగుల సెకండ్ హ్యాండ్ ఫైబర్ తెరచాప పడవ కొన్నాను. దాని ముందు తెరచాపలు పాత పద్ధతివి, ఒక్కొక్క కొక్కెం పడవ ముక్కు నుంచి స్తంభం పైకి వెళ్ళే ఫోర్‌స్టే తీగకు తగిలించి పైకి లాగాలి. మోకాళ్ళ నొప్పితో పడవ ముక్కు దాకా వెళ్ళి దించడం కష్టమవుతోంది. వెనక నుంచి తాడు లాగితే తెరచాప చుట్టుకుపోయే రోలర్ ఫర్లింగ్ పెట్టించుకుందామంటే 3,40,000 కొటేషన్ ఇచ్చారు, కాగితం జత చేశాను. ఇప్పుడున్న ఫోర్‌స్టే తీగ ఎప్పటిదో అమ్మినాయన చెప్పలేదు. సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేసి 14 నెలలైంది. అందులోంచి తీద్దామని నా ఆలోచన. ఇది కాక సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు, అంబాజీపేట దగ్గర నాలుగెకరాల కొబ్బరి తోట ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 35,000. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండి. ముందు నా అభిప్రాయం చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. డిపాజిట్‌ను కదపకండి. కొక్కేల తెరచాపలతోనే ఇంకొంత కాలం నడపండి, కాకపోతే వాటిని వెనక కూర్చునే దించుకునే ఏర్పాటు ఇప్పుడే చేయించుకోండి. ఫర్లింగ్ మంచిదే. దాన్ని కొబ్బరి డబ్బుతో నిదానంగా పెట్టించుకోండి.

డిపాజిట్ సంగతి చూద్దాం. ఈ స్కీమ్‌లో కావలసినంత తీసుకుని మిగతాది ఉంచే వీలు లేదు. 3,40,000 కోసం ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్ళు నిండకుండా మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు, అంటే 22,500. రెండేళ్ళు నిండాక మూసినా 1 శాతం పోతుంది. మీకిప్పుడు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తోంది. కోత, పడవ ఖర్చు పోగా మిగిలే 11,37,500ను మళ్ళీ అదే రేటుకు వేయగలిగినా వచ్చేది సుమారు 23,300. పెన్షన్ లేని ఇంట్లో ఆ తేడా ప్రతిసారీ తెలుస్తుంది. పైగా పాత ఖాతా రేటు ఐదేళ్ళ దాకా మారదు, కొత్త ఖాతాకు ఆ రోజున్న రేటే ఇస్తారు.

నాకు ఇంతకన్నా పెద్ద భయం ఒకటుంది. మీ ఆస్తి ఎక్కడెక్కడ ఉందో చూడండి. తోట అంబాజీపేట దగ్గర, పడవ కాకినాడలో. తుఫానుకు ఈ రెండూ ఒకే చోటు కింద లెక్క. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో మీ వయసువారికి చెప్పక్కర్లేదు. నాటు రకం మళ్ళీ పెడితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను కూడా కోనసీమలోని కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలి ఇంకోసారి వస్తే తోట మీద రాబడి ఆగిపోతుంది, అదే వారంలో పడవ రిపేరు నెత్తిన పడుతుంది. అప్పుడు మీ ఇల్లు నడవాల్సింది ఆ 15 లక్షల మీదే. గాలి తాకని పెద్ద ఆస్తి మీకు అదొక్కటే ఉంది. అందులోంచి తీసి పడవ మీద పెట్టడమంటే దాన్ని కూడా గాలికి ఎదురుగా నిలబెట్టడమే. మీ శ్రీమతి గారు ఏ కారణంతో వద్దన్నారో మీరు రాయలేదు గానీ, నా దృష్టిలో ఆవిడ మాటే సరైనది.

ఇప్పుడు కొటేషన్ చూద్దాం. మీరు పంపిన కాగితంలో ఫర్లింగ్ సామాను 2,05,000, ఉన్న తెరచాపను దానికి తగ్గట్టు మార్చడానికి 60,000, కొత్త ఫోర్‌స్టే తీగ, బిగింపు 60,000, రవాణా 15,000 ఉన్నాయి. ఇందులో ఫోర్‌స్టే ఖర్చును ఫర్లింగ్ ఖాతాలో రాయకండి. తెరచాపలను మోసే స్తంభాన్ని, అంటే మాస్ట్‌ను, ముందు నుంచి పట్టి ఉంచేది ఆ తీగే. నడిసముద్రంలో అది తెగితే మాస్ట్ వెనక్కి, మీరు కూర్చున్న వైపే పడుతుంది. ఇలాంటి స్టీలు తీగలను పది పదిహేనేళ్ళకు మార్చేయడం పడవల వాళ్ళ ఆనవాయితీ, మన వేడికీ ఉప్పుగాలికీ ఇంకా ముందే మార్చినా తప్పులేదు. మీ పడవ తీగ ఎప్పటిదో అమ్మినాయన చెప్పలేదని రాశారు. కాబట్టి ఆ 60,000 మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా పెట్టాల్సిందే, ఇప్పుడే పెట్టాల్సిందే.

అది వేయించేటప్పుడు ఒక జాగ్రత్త. తీగ కింది కొసకు విప్పి మళ్ళీ బిగించుకునే మెకానికల్ టెర్మినల్ (కొసను పట్టి ఉంచే బిగింపు ముక్క) వేయమనండి. ప్రెస్ చేసి మూసేసిన టెర్మినల్ అయితే రేపు ఫర్లింగ్ సామాను ఎక్కించే రోజున తీగ కోయాలి, అంటే ఒకే తీగకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు. ఏ ఫర్లింగ్ పెట్టే ఉద్దేశమో ముందే చెప్పి, ఆ తీగ దానికి పనికొచ్చేలా కొలత, మందం రాయించుకోండి.

కొటేషన్‌లో లేని ఖర్చులు కూడా ఉన్నాయి. ఫర్లింగ్ పెడితే ఫోర్‌స్టే చుట్టూ అల్యూమినియం పైపు వస్తుంది, తెరచాప అంచు దాని గాడిలో దూరి చాప చుట్టినట్టు చుట్టుకుంటుంది. ఇక కొక్కేలు తగిలించడానికి తీగ బయటికి కనిపించదు. అంటే మీ దగ్గరున్న చిన్న తుఫాను తెరచాప, స్టార్మ్ జిబ్, ఆ చోట పనికిరాదు. దానికోసం లోపలి వైపు ఇంకో తీగ కట్టించాలి, డెక్ కింద బలం ఇవ్వాలి. తెరచాప ఎప్పుడూ బయటే చుట్టి ఉంటుంది కాబట్టి అంచున ఎండ కాచే గుడ్డ పట్టీ కుట్టాలి, ఆ కుట్లు కొన్నేళ్ళకోసారి ఊడి మళ్ళీ వేయాలి. ఫర్లింగ్ తాడు కూడా అరుగుతుంది, దాన్ని చూసుకుంటూ మార్చాలి. గట్టి గాలిలో ఆ తాడు తెగితే తెరచాప మొత్తం ఒక్కసారి విచ్చుకుంటుంది. కొక్కేల పద్ధతిలో ఈ తంటా లేదు. ఒక కొక్కెం పోతే ఆ ఒక్కటే మారుస్తారు, టార్పాలిన్లు కుట్టేవాళ్ళ చేత కూడా కుట్టించుకోవచ్చు.

అయినా ఫర్లింగ్ వైపు బలమైన కారణం లేకపోలేదు. వేసవి సాయంత్రాల్లో కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ సమయంలో ఎగిరెగిరి పడే ముక్కు మీద నొప్పి మోకాళ్ళతో కూర్చుని తెరచాప దించడం ప్రమాదం. వెనక నుంచి ఒక తాడు లాగితే చుట్టుకుపోయే ఏర్పాటుకు అక్కడ విలువ ఉంది, అది నేను కాదనను. కానీ సగం చుట్టిన తెరచాప ఉబ్బిపోయి ఆకారం చెడుతుంది, గాలికి ఎదురు వెళ్ళాల్సినప్పుడు సరిగా లాగదు. పూర్తిగా చుట్టేయడానికి బాగుంటుంది, బాగా చిన్నది చేయడానికి అంత బాగుండదు.

ఆ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించే చవక మార్గం డౌన్‌హాల్. తెరచాప తలకు ఒక సన్నని తాడు కట్టి, కొక్కేల పక్కగా కిందికి తెచ్చి, ముక్కు దగ్గర ఒక పుల్లీ తిప్పి మీరు కూర్చునే చోటికి తెచ్చుకోవాలి. పైకి లాగే హాలియర్డ్ తాడు కూడా అక్కడికే రావాలి. గాలి ముదిరితే హాలియర్డ్ వదిలి డౌన్‌హాల్ లాగండి, తెరచాప డెక్ మీదికి దిగుతుంది. పక్కల కంచె తీగలకు వల కడితే నీళ్ళలోకి జారదు. మడిచి కట్టడం కాకినాడ తిరిగొచ్చి లంగరు వేశాక చేసుకోవచ్చు. తాడు, పుల్లీలు, వల అన్నీ కలిపి 12,000 దాటకూడదు. బయల్దేరే ముందు తెరచాప తగిలించడానికి మాత్రం ముక్కు మీదికి వెళ్ళాల్సిందే. అదైనా కదలని నీళ్ళలో, తొందర లేకుండా చేసే పని.

తుఫాను సీజన్‌లో తేడా ఇంకా తెలుస్తుంది. కొక్కేల తెరచాపను ఎప్పుడైనా విప్పి సంచిలో వేసి లోపల పెట్టేయొచ్చు. ఫర్లింగ్ మీద చుట్టినదాన్ని తీయాలంటే ముందు పూర్తిగా విప్పాలి, అది గాలి లేనప్పుడే కుదురుతుంది. చుట్టి ఉంది కదా అని వదిలేస్తే పెనుగాలికి కొస ఊడి కొట్టుకుని కొట్టుకుని మాస్ట్‌నే కూల్చేస్తుంది. కాబట్టి రేపు ఫర్లింగ్ పెట్టించుకున్నా, పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజే తెరచాప దించేయాలి. పడవ ఇన్సూరెన్స్ ఉంటే అందులో తుఫాను నష్టంలో మీ వాటా ఎంతో, తెరచాపలు దించి ఉంచాలన్న షరతు ఉందో లేదో చదవండి.

డబ్బు ఏర్పాటు ఇలా చేయండి. సేవింగ్స్‌లోని 3 లక్షల్లోంచి ఫోర్‌స్టేకి, డౌన్‌హాల్‌కి 72,000 తీయండి. మిగిలే 2,28,000 మీ ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది, దాన్ని పడవ పేరుతో ముట్టుకోవద్దు. తోట డబ్బుకు వేరే ఖాతా తెరవండి. ఏడాదికి ఆరు దింపులు, అంటే ఆరుసార్లు కాయ దించడం, అనుకుంటే మూడేళ్ళకు 18. దింపుకి 15,500 పక్కన పెడితే ఫర్లింగ్‌కు కావలసిన 2,80,000 దాదాపు చేరుతుంది. కాయ ధర బాగున్నప్పుడు ఇంకో నాలుగు వేలు వేయండి, ధర పడిపోయినప్పుడు ఆపేయండి. అలా ఆపగలగడమే ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి. ఒకవేళ తోటే దెబ్బతింటే ఆ ఖాతాలో ఉన్నది తోటకు పెట్టండి, పడవ ఆగుతుంది. ఫర్లింగ్ ఉంటే రేపు అమ్మినప్పుడు ధర ఎక్కువ పలుకుతుందని ఎవరైనా అంటే లెక్కలో వేసుకోకండి. ఇలాంటి పడవలు కొనేవాళ్ళు మన తీరంలో చాలా తక్కువ.

పని చేయించే తేదీ కూడా చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. మరబోట్లన్నీ ఆ రోజుల్లోనే రిపేర్లకు వస్తాయి కాబట్టి మంచి పనివాళ్ళు దొరకరు. మార్చిలోనే ముగించుకోండి.

చివరగా మోకాళ్ళు. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. డాక్టరు గారికి చూపించారా? రేపు మోకాలి మార్పిడి ఆపరేషన్ అంటే దాని బిల్లు ఫర్లింగ్ కొటేషన్‌తో పోటీ పడుతుంది. చాలా హెల్త్ పాలసీల్లో దానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. మీకు పాలసీ ఉందో లేదో రాయలేదు. ఉంటే ఆ గడువు ఏ తేదీకి తీరుతుందో చూడండి. లేకపోతే నొప్పి సంగతి దాచకుండా రాసి వెంటనే తీసుకోండి, మొదటి రెండు దింపుల డబ్బు ఆ ప్రీమియానికే పెట్టండి. పడవ ఖాతా మూడో దింపు నుంచి మొదలుపెట్టొచ్చు. ఒకవేళ డాక్టరు గారు ఇక మోకాళ్ళ మీద కూర్చోవద్దని గట్టిగా చెబితే నాకు మళ్ళీ రాయండి. అప్పుడు ఫర్లింగ్‌ను ముందుకు జరపడానికి తోట డబ్బులో ఎక్కడ సర్దుబాటు చేయొచ్చో మీరిద్దరూ కూర్చుని చూసుకునేలా లెక్క వేసి పంపుతాను.