పిల్లల్ని అప్పగించి రెండు రోజులు వెళ్ళొచ్చేముందు

అమ్మలూ,

పిల్లల్ని అమ్మమ్మా తాతయ్యల దగ్గర ఉంచి ఒక శని, ఆదివారం అల్లుడూ నువ్వూ ఎటైనా వెళ్ళొద్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తప్పకుండా వెళ్ళండి. ఇంత చిన్నపిల్లల్ని వదిలేసి షికార్లేమిటని నలుగురూ అనుకుంటారేమో అని నువ్వు వెనకాడుతున్నావట. అనేవాళ్ళు ఎలాగూ అంటారు. పిల్లలు పుట్టాక భార్యాభర్తల మాటలన్నీ పాల ప్యాకెట్లూ, స్కూలు ఫీజులూ, టీకాల తేదీలే అయిపోతాయి. అవన్నీ పక్కన పెట్టి రెండు పూటలు మనసు విప్పి మాట్లాడుకోవడం సంసారానికి అవసరం. మనవల్ని, మనవరాళ్ళని ఇలా ఎన్నోసార్లు చూసుకున్నదాన్ని కాబట్టి, చూసుకునేవాళ్ళ వైపు నుంచి నాలుగు మాటలు రాస్తున్నాను.

పిల్లల్ని అప్పగించినప్పుడు పెత్తనం కూడా అప్పగించు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఏడింటికి పాలు, ఎనిమిదింటికి స్నానం, టీవీ అరగంటే అని రెండు పేజీలు రాసి ఫ్రిజ్‌కి అంటించావంటే మీ అమ్మ పిల్లల్ని మానేసి ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంటుంది. నిన్ను పెంచిన మనిషి ఆవిడ. పెద్దాడు కూర ముట్టకుండా పెరుగన్నంలో పంచదార కలుపుకుని తిన్నా, రాత్రి పదింటిదాకా కథలు చెప్పించుకున్నా రెండు రోజుల్లో కొంపలేమీ మునగవు. నువ్వు ఫోన్లో, వాడు వింటుండగా, "అమ్మా, వాడికది పెట్టకు" అన్నావో, ఇక ఆ పూటనుంచి వాడు అమ్మమ్మ మాట వినడు.

కొన్ని విషయాల్లో మాత్రం ఎవరి ఇష్టమూ లేదు. మొదటిది మందులు. పిల్లల పారాసెటమాల్ సిరప్ అన్ని సీసాల్లో ఒకేలా ఉండదు. 5 ఎం.ఎల్.లో 120 లేదా 125 ఎం.జీ. ఉండేవి ఉన్నాయి, 250 ఎం.జీ. ఉండేవీ ఉన్నాయి. చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. అన్ని సీసాలూ అలమరలో పెట్టి వెళ్ళొద్దు. ఒక్కొక్కరికి ఒక్కటే సీసా ఉంచి, డాక్టరు చెప్పిన మోతాదు, ఎన్ని గంటలకోసారి వెయ్యాలో దాని మీదే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించు. టీ చెంచాతో కాదు, సీసాతో వచ్చిన కొలతతోనే పొయ్యమను. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని ఉంటే అన్ని నీళ్ళలో మొత్తం ప్యాకెట్ కలపాలి. గ్లాసులో చిటికెడు వేసి కలిపే అలవాటు మనవాళ్ళకి ఉంది.

మీ నాన్న షుగర్ బిళ్ళల సంగతి ఇంకా ముఖ్యం. పెద్దవాళ్ళు ఊరినుంచి వస్తూ మాత్రలు చేతిసంచిలో వేసుకొస్తారు. సంచి మంచం పక్కనే ఉంటుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు ఒక్కటి మింగినా ఏడాదిన్నర పిల్లకి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాళ్ళు రాగానే ఆ సంచిని పై అరలో పెట్టే పని నువ్వే చెయ్యి, కారణం కూడా చెప్పు. బాత్రూంలో బకెట్లు బోర్లించి ఉంచమను. జానెడు నీళ్ళున్న బకెట్‌లో కూడా అంత చిన్నపిల్ల తలకిందులుగా పడితే తనంతట తాను పైకి లేవలేదు. వేరుశనగ గింజలు, పుట్నాలు చిన్నదానికి వద్దు. తాతయ్య జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి.

ఇక మీ ఫ్లాట్. మీ అమ్మానాన్నలకి తెనాలిలో ప్రతి ఇల్లూ తెలుసు, హైదరాబాద్‌లో మీ ఇంటి అడ్రసు కూడా నోటికి రాదు. 108కి ఫోన్ చేస్తే ముందు అడిగేది అడ్రసే. ఫ్లాట్ నంబరు, బ్లాకు, వీధి, దగ్గర్లో గుర్తు, పిల్లల డాక్టరు నంబరు, ఎదురింటివాళ్ళ నంబరు ఒకే అట్ట మీద రాసి తలుపు వెనక తగిలించు. మేం ఊళ్ళో ఉండట్లేదు, అమ్మమ్మ తీసుకురావచ్చని డాక్టరుకి ముందే చెప్పి ఉంచు. గేటు దగ్గర ఎవరొచ్చినా పంపాలా వద్దా అని సెక్యూరిటీ యాప్ మీ ఫోన్లనే అడుగుతుంది కదా. మీరు సిగ్నల్ లేనిచోట ఉంటే పనమ్మాయి కిందే నిలబడిపోతుంది. మీ నాన్న నంబరు అందులో చేర్చు. లాగితే తాళం పడిపోయే తలుపులకి రెండో తాళంచెవి ఎదురింట్లో ఇవ్వు. బాత్రూం లోపలి గడియ పిల్లలకి అందకుండా చూడు.

ఎక్కడికెళ్ళాలన్నది కూడా దీన్నిబట్టే ఉండాలి. శ్రీశైలం అనుకున్నారట. స్వామి దర్శనానికి వద్దనను కానీ, ఈ మొదటిసారికి వద్దు. నల్లమలలో ఆ అడవిదారి రాత్రి తొమ్మిదినుంచి పొద్దున ఆరుదాకా మూసేస్తారు. అర్ధరాత్రి పిల్లకి జ్వరమొచ్చిందని ఫోనొస్తే తెల్లారేదాకా గేటు దగ్గర కూర్చోవాలి. అరకు అంతకంటే దూరం, ఘాట్‌లో ఫోన్ ఉన్నట్టుండి పోతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలైతే రెండుమూడు గంటల్లో ఇంటికి చేరిపోవచ్చు. నాగార్జునసాగర్ కూడా ఫరవాలేదు. దగ్గరైతే నీ మనసు కూడా నిమ్మళంగా ఉంటుంది. చిన్నదానికి మూడేళ్ళు నిండాక అరకు వెళ్దురుగాని.

చిన్నది ఇంకా రాత్రిపూట పాలు తాగుతోందని విన్నాను. ఇదే అదనని ఆ రెండు రోజుల్లోనే పాలు మాన్పించెయ్యాలని చూడకు. తల్లీ లేక, పాలూ లేక పిల్ల తల్లడిల్లుతుంది. నీకు రొమ్ములు గట్టిపడి జ్వరమొస్తుంది. రాత్రి పాలు నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చాకే తేదీ పెట్టుకో. లేకపోతే పాలు తీసే పంపు తీసుకెళ్ళు. బయల్దేరేలోపు ఒక రాత్రి నువ్వు ఇంట్లోనే ఉండి, చిన్నదాన్ని అమ్మమ్మ పక్కన పడుకోబెట్టి చూడు. ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుస్తుంది.

వెళ్ళేటప్పుడు దొంగచాటుగా మాత్రం వెళ్ళొద్దు. "షాపుకెళ్ళి చాక్లెట్ తెస్తాం" అని జారుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. ఆ రోజు ఏడుపు తప్పుతుంది, ఆ తర్వాత నువ్వు గుమ్మం దాటిన ప్రతిసారీ పిల్ల కొంగు వదలదు. శనివారం పొద్దున, వాళ్ళు తిని, మెలకువగా ఉన్నప్పుడు, "రెండు రోజులు అమ్మమ్మ దగ్గర ఉండండి, ఆదివారం సాయంత్రం వచ్చేస్తాం" అని చెప్పి బయల్దేరండి. ఏడిస్తే ఏడవనీ, మీ అమ్మ ఎత్తుకుంటుంది. మళ్ళీ వెనక్కి రాకండి. ఫోన్ రోజుకోసారి, సాయంత్రం ఆడుకుంటున్నప్పుడు చెయ్యండి. నిద్రవేళ వీడియోకాల్ పెడితే అప్పటిదాకా బాగానే ఉన్న పిల్ల కూడా గొల్లుమంటుంది. ప్రతిసారీ నువ్వే కాదు, అల్లుడు కూడా చెయ్యాలి.

మీ అత్తగారికి ఈ సంగతి ఇంకెవరి నోటనో తెలియనివ్వకు. ముందే నువ్వే ఫోన్ చేసి చెప్పి, దసరా సెలవులకి పిల్లల్ని మీ దగ్గరికే పంపిస్తామను. మీ అమ్మకి డబ్బు చేతికిస్తే నొచ్చుకుంటుంది. వంటింట్లో పోపులడబ్బా పక్కన పెట్టి, కూరలకీ ఆటోకీ అని చెప్పు. పనమ్మాయికి ఆ రెండు రోజులూ సెలవివ్వకు, కావాలంటే అదనంగా ఇచ్చి రెండుపూటలా రమ్మను. శనివారం రాత్రి వంట వద్దు, బయటినుంచి తెప్పించమను. ఇద్దరు పిల్లల వెనక పరిగెత్తాక అరవై దాటిన మోకాళ్ళు పొయ్యి దగ్గర నిలబడలేవు.

ఆదివారం చీకటి పడకముందే వచ్చెయ్యండి. రాగానే ఏం తిన్నారు, ఎందుకు నలతగా ఉన్నారు అని వాకబు చెయ్యకు. చిన్నది నీ దగ్గరికి రాకుండా అమ్మమ్మ భుజం మీదే ఉండిపోవచ్చు, గంటలో అదే వస్తుంది. ఆ రాత్రి వంట అల్లుడూ నువ్వూ చెయ్యండి. మీ అమ్మానాన్నల్ని మంగళవారందాకా ఉండమను.

మీ అమ్మ మోకాలి నొప్పి ఆ వారం ఎక్కువగా ఉందంటే ప్రయాణం మానుకోకు, నాకు చెప్పు. శుక్రవారం బస్సెక్కి నేనూ వస్తాను. ఇద్దరం కలిసి చూసుకుంటాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ