రేలంగిని పిల్లలకు ఏ సినిమాతో పరిచయం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి రేలంగి అంటే ప్రాణం. ఆయన పోయి యాభై ఏళ్లు దాటిపోయాయని మొన్న తలచుకుని చాలా బాధపడ్డారు. పదేళ్ల మా అబ్బాయికి మాత్రం ఆ పేరే తెలియదు. నలుపు తెలుపు సినిమాల్లోని ఆ హాస్యం ఈ కాలపు పిల్లలకు రుచిస్తుందా? దేనితో మొదలుపెట్టమంటారు?
- ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తప్పకుండా రుచిస్తుందమ్మా. 1957లో వచ్చిన 'మాయాబజార్'లోని పెళ్లి ఘట్టాన్ని ముందుగా చూపించండి. పీటల మీద ఉన్నది శశిరేఖ కాదనీ, ఆమె రూపంలో వచ్చిన ఘటోత్కచుడనీ చూసేవాళ్లందరికీ తెలుసు. తెలియనిదల్లా పెళ్లికొడుకైన లక్ష్మణకుమారుడికే. ఆ సుకుమారమైన పాదం రాక్షసబలంతో తన కాలిని తొక్కినప్పుడు, ఒకపక్క ఓర్చుకోలేని నొప్పి, మరొకపక్క పెద్దల ఎదుట కాపాడుకోవలసిన దుర్యోధనుడి కొడుకు దర్జా, ఈ రెంటి మధ్య రేలంగి ముఖం పడే అవస్థ చూసి మీవాడు పడీ పడీ నవ్వుతాడు. అందుకు భారతం తెలిసి ఉండనక్కరలేదు.

నా దృష్టిలో రేలంగి గొప్పదనమంతా అక్కడే ఉంది. తనను తాను మహా అందగాడిననీ, శూరుడిననీ నమ్మే అమాయకుణ్ని ఆయన ఎంత మనస్ఫూర్తిగా నటించేవారంటే, ఆ డాంబికానికి నవ్వుకుంటూనే ఆ మనిషి మీద మనకు జాలి కలుగుతుంది. 'నర్తనశాల'లో (1963) ఉత్తరకుమారుడు అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికి, తీరా కౌరవసేన కనబడగానే బెంబేలెత్తిపోయినప్పుడు మనకు కలిగేది అసహ్యం కాదు, ఆపేక్ష. వెకిలితనం లేకుండా పిరికితనాన్ని అంత హాయిగా చూపించడం సామాన్యమైన విద్య కాదు.

ఆయన గొంతును కూడా మీ అబ్బాయికి ప్రత్యేకంగా వినిపించండి. రేలంగి వెంకట్రామయ్యగారి తండ్రి సంగీతం, హరికథ నేర్పేవారు; ఆ పెంపకం వృథా పోలేదు. 'పాతాళభైరవి'లో (1951) రాకుమారిపై మనసుపడిన రాజుగారి బావమరిదిగా 'వినవే బాల' పాటను ఆయనే పాడుకున్నారు. రాగం తెలిసినవాడు కాబట్టే ఆ ప్రేమగోలను ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో ఆయనకు తెలిసింది. 'మిస్సమ్మ'లో (1955) ఆయన వేసిన దేవయ్య పాత్ర పాటలు కూడా ఆయన గొంతులోనివే.

ఈ స్థాయి ఆయనకు సులువుగా దక్కలేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పదగ్గదే. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో తెరకెక్కినా, ఆ తరువాత పుష్కరకాలానికి పైగా చిన్నాచితకా వేషాలతో, దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యగారి వద్ద చిత్రనిర్మాణ పనులతో నెట్టుకొచ్చారు. 1948లో 'వింధ్యరాణి', మరుసటి ఏడాది 'గుణసుందరి కథ' వచ్చాకే దశ తిరిగింది. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1975 నవంబరు 27న తాడేపల్లిగూడెంలో కన్నుమూశారు.

'నర్తనశాల' చూపించేముందు మాత్రం మీ నాన్నగారి చేత విరాటపర్వం కథ చెప్పించండి. బృహన్నల ఎవరో తెలియకపోతే, రథం మీద ఉత్తరుడు పడే కంగారులో సగం హాస్యం పిల్లవాడికి అందకుండా పోతుంది.