ఫారం డ్యూటీకి వెళ్తున్న మనవరాలికి

అమ్మలూ,

గన్నవరం పశువైద్య కళాశాలలో నీకు ఫారం డ్యూటీ పడిందనీ, గేదెల దగ్గరికి వెళ్లాలంటే టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా బతుకంతా గడిపినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

వెళ్లగానే చెయ్యి వేయకు. కాసేపు నిలబడి చూడు. నెమరు వేస్తోందా, చెవులు ఆడిస్తోందా, పేడ ఎలా ఉంది? సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. వెనకనుంచి అసలు వెళ్లకు. పక్కనుంచి, పిలుస్తూ వెళ్లు.

పాలు పితకడం పుస్తకంలో రాదు. పాలేరును అడిగి నేర్చుకో, సిగ్గుపడకు. నేను కొత్తలో కంగారుపడి, గేదె చేపకముందే, అంటే పాలు చన్నుల్లోకి దిగకముందే, చన్ను పట్టుకున్నాను. తన్నలేదు కానీ, పాలు మొత్తం ఎగచేపింది, ఇవ్వకుండా బిగబట్టేసింది. ఆ పూట చెంబు కూడా నిండలేదు. ఇంటాయన ముఖం ఇప్పటికీ గుర్తే! పశువు బెదిరితే చేపు రాదు. చేపు వచ్చాక కూడా అది నిలిచేది కొద్ది నిమిషాలే. కాబట్టి ఏడెనిమిది నిమిషాల్లో పితకడం అయిపోవాలి. బొటనవేలు మడిచి లాగకు, చన్ను దెబ్బతింటుంది. నిండు పిడికిలితో పితుకు. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడు. తరకలు కనపడితే పొదుగువాపే. పితికాక కాస్త గడ్డి వెయ్యి, అరగంటైనా నిలబడే ఉంటుంది. వెంటనే పడుకుంటే ఇంకా మూసుకోని చనురంధ్రంలోంచి పేడలోని క్రిములు లోపలికి పోతాయి.

జ్వరం చూసేటప్పుడు మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ కొన పేడలో దిగితే తక్కువ చూపిస్తుంది. పేగు గోడకు ఆనించు. ఆవుకు 101.5 డిగ్రీలు మామూలే, మనిషి లెక్కతో చూసి భయపడకు.

పుట్టిన దూడకు గంటలోపే జున్నుపాలు పట్టించాలి. తల్లికి మాయ (కాన్పు తర్వాత బయటికొచ్చే పొర) పడేదాకా పట్టకూడదని ఊళ్లో పెద్దలు అంటారు. ఎదురు చెప్పి గొడవపడకు, ముందు దూడకు పట్టించు.

ఎప్పుడైనా గుంటూరు దగ్గర లాం ఫారంకి వెళ్తే ఒంగోలు ఆవుల్ని తీరిగ్గా చూసి రా. దూడ పక్కనుంటే మాత్రం దగ్గరికి పోకు, అవి ఊరుకోవు.

గాజులు, ఉంగరం హాస్టల్‌లోనే పెట్టి వెళ్లు. గోళ్లు తీసేశావో లేదో మీ అమ్మకు ఫోటో పంపు, నేను చూస్తాను.

తాతయ్య